సిద్ధమ్మ నొక్కని పువ్వు

పూతలపట్టు కూడలి నుంచి చిత్తూరు దారిలో కాస్త పోయి, మామిడి తోపుల్లోకి దిగితే దిగువపల్లె వస్తుంది. రెండువేల ఏడు ప్రాంతంలో ఆ ఊళ్లో ఏ ఇంట్లో ఆవుకు బీమా చేయించినా ఆ ఇంటి ఆడమనిషి ముందు ఆవును కడిగేది. తర్వాత తన చేతులు కడుక్కుని, పమిట చెంగుతో తుడుచుకుని, సిద్ధమ్మ కోసం వాకిట్లో నిలబడేది.

సిద్ధమ్మ వచ్చి గుడ్డసంచిలోంచి కెమెరా తీసేది. సబ్బుపెట్టె కంటే ఒక పిసరు పెద్దది, వెండిరంగుది. పొదుపు సంఘం పనులకని మండలం ఆఫీసు వాళ్లు ఇచ్చింది. ఆవును ఎండకు ఎదురుగా నిలబెట్టించి నిలువునా ఒక ఫొటో, మొహానికి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసేది. చివరికి చెవి. బీమా చేసిన ఆవు చెవికి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల కుడతారు. ఆవు చస్తే ఆ బిళ్ల మీది నంబరే సాక్షి. అందుకని నంబరు ఫొటోలో చదవడానికి రావాలి. చెవి దగ్గరికి వచ్చేసరికి సిద్ధమ్మ ఆగి, కెమెరాను ఇంటావిడ ముందుకు చాపేది.

"మే, ఇందా. పువ్వు నొక్కిపో."

కెమెరా వెనక పువ్వు బొమ్మ ఉన్న చోట ఆవిడ వేలికొసతో ఒక్కసారి నొక్కి, పేరంటంలో పసుపు రాసినంత నెమ్మదిగా వెనక్కి జరిగేది. తెర మూలన చిన్న పువ్వు పడేది. అప్పుడు సిద్ధమ్మ వంగి చెవి ఫొటో తీసుకునేది.

పొరుగూరి చుట్టాలెవరైనా చూసి, ఇదేమి పద్ధతని అడిగితే ఊరివాళ్లు చెప్పేవాళ్లు: "ముత్తైదువ చెయ్యి పడాల. అప్పుడే నంబరు తేటగా పడతాది." సిద్ధమ్మ అవునని ఎప్పుడూ అనలేదు. కాదనీ అనలేదు. ఊరుకుంది. ఆ ఊరుకోవడమే తర్వాత ఆమెకు అడ్డం వచ్చింది.

సిద్ధమ్మ బడికి పోయింది ఐదో తరగతి దాకా. చేతిపని మాత్రం చూసి నేర్చుకున్నదే. పెళ్లై ఈ ఊరికి వచ్చిన కొత్తల్లోనే పూలజడ కట్టడంలో పేరు తెచ్చుకుంది. అరటినార తడిపి, మల్లెమొగ్గలు వరస చెదరకుండా పేర్చి, నడుమ కనకాంబరం, అంచుకు మరువం పెట్టి కట్టేది. నారను ఎంత లాగాలో అంతే లాగేది. జాస్తి లాగితే మొగ్గ తెగుతుంది. వదులైతే తాళి కట్టే వేళకు జడ జారుతుంది. "సగం బిగువులో పట్టాల" అని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు చెప్పేది. వాళ్లు తలలూపి పోయేవాళ్లు. ఎవరికీ రాలేదు. పెనుమూరు, ఐరాల దాకా పెళ్లిళ్లకు ఆమెనే పిలిచేవాళ్లు.

ఆమె మొగుడు మునిరామయ్య బెల్లం లోడ్లు తోలే టెంపో డ్రైవరు. చిత్తూరు మండీలో బెల్లం దించి వచ్చేటప్పుడు తడిగుడ్డలో మొగ్గలు చుట్టి తెచ్చేవాడు. అతను వాకిట్లోకి వస్తే బెల్లం వాసన, మల్లెల వాసన కలిసి వచ్చేవి. ఒక వానాకాలం జ్వరం తగిలి, చిత్తూరు ఆస్పత్రికి పోయి, తిరిగి రాలేదు.

పదోనాడు ఆడవాళ్లు సిద్ధమ్మకు చేతినిండా గాజులు వేసి, తలనిండా పూలు పెట్టారు. మళ్లీ వాళ్లే ఒకటొకటిగా తీసేశారు. ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ జడలు కట్టిన మనిషి తలలో ఆ పొద్దు పెట్టింది బజార్లో కొన్న మూరపూలు. ముడులు వదులుగా ఉండాయే అనుకుంది సిద్ధమ్మ. అంత ఏడుపులో ఆ సంగతి ఎందుకు తోచిందో ఆమెకే తెలియదు.

తర్వాత జడ కట్టమని ఎవరూ పిలవలేదు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. దారిలో కనబడితే నిలబడి మంచీచెడ్డా అడిగేవాళ్లు. పెళ్లి కబురు మాత్రం వేరే చోటికి పోయేది. ఆ మధ్య తన కూతురు నవీనను నాయుడుపేట పిల్లవాడికి ఇచ్చి చేసింది. జడ తానే కడతానేమో, కన్నకూతురు కదా అని లోపల ఎక్కడో అనుకుంది. పెళ్లికొడుకు తల్లి ముందుగానే వచ్చి చెయ్యి పట్టుకుని, "వదినా, జడ మేమే తెప్పిస్తాంలే, నీకెందుకు శ్రమ" అంది. నవ్వుతూనే అంది. తెప్పించిన జడ మధ్యాహ్నానికే పైవరస జారింది. వంటపాత్రల పక్కన నిలబడి సిద్ధమ్మ చూసింది. ఆమె వేళ్లు వాటంతటవే కదిలాయి. కాళ్లు మాత్రం కదల్లేదు.

ఆనాటి నుంచి ఆమె పువ్వు ముట్టుకోలేదు. పెరట్లో మల్లెచెట్టును పీకెయ్యలేదు, దానికి నీళ్లు పొయ్యనూ లేదు. అది వాన పడితే పూసేది, లేకపోతే లేదు.

బతకాలి కనుక రెండావుల్ని పెట్టుకుంది. పాలకేంద్రానికి పాలు పోసింది. పొదుపు సంఘంలో చేరింది. ప్రతిదీ ఎందుకు, ఎట్లా అని అడగడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం. అడిగి అడిగి సంఘానికి లీడరైంది. అట్లా కెమెరా ఆమె చేతికి వచ్చింది.

ఇచ్చిన రోజు మండలం ఆఫీసులో సునీల్‌కుమార్ అనే సారు ఆడవాళ్లను కూర్చోబెట్టి నేర్పించాడు. కెమెరాను ఒకరి చేతిలోంచి ఒకరికి ఇస్తుంటే, పొయ్యి మీంచి దించిన గిన్నెలాగా పట్టుకుని పక్కవాళ్లకు తోసేశారు. సంఘంలో సుబ్బులమ్మది పెద్ద గొంతు.

"పగిలితే ఎవురు కట్టాల సారు? మా ఇంటాయన్ని పెట్టుకుంటావా?"

"మీ ఇంటాయన్ని ఎవురు పెట్టుకుంటారు మే, రోజుకు ఆరు కాఫీలు తాగుతాడు" అంది వెనకనుంచి ఒకామె.

అందరూ నవ్వుతుండగా సిద్ధమ్మ కెమెరా అందుకుంది. తిప్పి తిప్పి చూసింది. వెనక తెర. పక్కన గుండ్రటి బిళ్లలాంటి బటను, నాలుగు దిక్కులా నాలుగు బొమ్మలు. పైన మెరుపు. ఎడమ పక్క గడియారం. కింద పువ్వు. కుడి పక్క బొమ్మ ఆమెకు అర్థం కాలేదు. ఆ గుండ్రటి బిళ్లకు కిందగా విడిగా చెత్తబుట్ట.

"ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదమ్మా, బొమ్మలు గుర్తుపెట్టుకుంటే చాలు" అన్నాడు సారు.

"ఈ చెత్తబుట్ట ఏమిటికి సారు?"

"బాగా రాని ఫొటో పారేసేదానికి."

"పారేసినాక మళ్లీ ఏరుకోవచ్చునా?"

"లేదమ్మా. పోతే పోయినట్లే."

"అట్లాంటిదాన్ని చేతికింద ఎందుకు పెట్టినారు? వేలు జారితే?"

"జారినా ఫర్వాలేదు. పారెయ్యాలా వద్దా అని అది ఇంకోసారి అడుగుతాది. నువ్వు సరేనంటేనే పారేస్తాది."

"మేలే. మనుషులు అడగరు" అంది సిద్ధమ్మ.

ముక్కోణం గుర్తు నొక్కితే తీసినవన్నీ ఒకటొకటే చూడొచ్చు. ముందరి పుల్లను ఒక పక్కకు తోస్తే దూరంది దగ్గరికొస్తుంది, ఇంకో పక్కకు తోస్తే వెనక్కి పోతుంది. మెరుపు మీద నొక్కితే వెలుగు వస్తుంది, మళ్లీ నొక్కితే మెరుపుకు అడ్డగీత పడి వెలుగు ఆగిపోతుంది. అన్నిటికంటే కష్టం పైనున్న పెద్ద బటను. దాన్ని సగం నొక్కి ఆపాలి. తెర మీద పచ్చచదరం వెలిగాక మిగతా సగం నొక్కాలి. అందరూ ఒకేసారి అదిమేస్తున్నారు. ఫొటోలో గోడ, నేల, సారు మోకాళ్లు పడుతున్నాయి. సిద్ధమ్మ వేలు మాత్రం మొదటిసారే సగంలో ఆగింది. పచ్చచదరం వెలిగేదాకా కదల్లేదు. ఆ సగం బిగువు ఆ వేలికి పాతదే.

"భలే పట్టుకున్నావమ్మా" అన్నాడు సునీల్‌కుమార్. "ఇంక ఇది చూడు. పువ్వు గుర్తు. చాలా దగ్గరగా తీసేటప్పుడు ఇది నొక్కాల. నొక్కకపోతే మసక పడతాది. చెవి బిళ్లకు ఇదే ముఖ్యం. నొక్కు."

సిద్ధమ్మ బొటనవేలు అక్కడిదాకా పోయి ఆగింది. దాని మీద గీసింది అచ్చంగా విచ్చిన పువ్వు, ఐదు రేకులతో.

"దగ్గరికి ఇంకేదన్నా గుర్తు ఉండాదా సారు?"

"లేదమ్మా. ఇదొక్కటే."

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. సారుకు అర్థం కాలేదు కానీ, పక్కనున్న సుబ్బులమ్మకు అర్థమైంది. పెద్దగొంతు మనిషైనా ఆ పొద్దు ఏమీ అనకుండా చెయ్యి చాపి తానే పువ్వు నొక్కింది. "నేను నొక్కినాలే. నువ్వు తియ్యక్కా" అంది మెల్లగా.

అట్లా మొదలైంది. కెమెరా ఆపితే పువ్వు పోయేది. ఏ ఇంటికి పోతే ఆ ఇంట్లో మళ్లీ నొక్కాలి. ఏ ఇంటికి పోతే ఆ ఇంటి ముత్తైదువను పిలిచేది సిద్ధమ్మ. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. ఆరు నెలలకు అది ఊరి పద్ధతైపోయింది.

ఇప్పుడు రెబెకా సంగతి చెప్పుకోవాలి. ఊరికి తూర్పున కాలనీలో ఉంటుంది. మొగుడు జయరావు మామిడి తోపుల్లో కూలికి పోతాడు. వాళ్లది ప్రార్థనకు పోయే ఇల్లు. రెబెకా బొట్టు పెట్టుకోదు, పూలు పెట్టుకోదు, గాజులు కూడా వేసుకోదు. సంఘంలో అప్పు తీసుకుని ఒక జెర్సీ ఆవును కొన్నది. నల్లటి ఆవు, నుదుటి మీద తెల్లటి మచ్చ. చుక్కది అని పిలిచేవాళ్లు. ఆ ఇంటికి అదొక్కటే ఆధారమంటే ఆధారం. తోపుల్లో పని ఏడాదికి కొన్ని నెలలే ఉంటుంది. మిగతా నెలలు చుక్కది ఇచ్చే పాలే.

బీమా ఫొటోకని సిద్ధమ్మ ఆ వాకిట్లోకి పోయినప్పుడు పొద్దు వాలుతూ ఉంది. ఆవును కడిగి కట్టేసి ఉన్నారు. రెబెకా చేతులు కడుక్కుని, తుడుచుకుని నిలబడి ఉంది. ఊళ్లో పద్ధతి ఆమె కూడా వినే ఉంటుంది. సిద్ధమ్మ నిలువు ఫొటో, మొహం, పక్క తీసింది. చెవి దగ్గరికి వచ్చి అలవాటు చొప్పున కెమెరాను ముందుకు చాపింది. చాపుతూ తలెత్తి చూసింది. ఖాళీ నుదురు, ఖాళీ కొప్పు. చెయ్యి సగంలో ఆగింది. పూలే పెట్టుకోని మనిషి చేత పువ్వు నొక్కించేదెట్లా అనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకొకరిని పిలుద్దామంటే పొద్దు లేదు. కానీలే అని పువ్వు లేకుండానే చెవి ఫొటో తీసేసింది. తెరలో చూస్తే బాగానే ఉన్నట్టు ఉంది. అగ్గిపెట్టెంత తెరలో అన్నీ బాగానే ఉంటాయి.

రెబెకా ఆవును విప్పుకుని కొట్టం దగ్గరికి పోయింది.

ఏడాది తిరగకముందే చుక్కది ఈనింది. దూడ బతికింది. ఈనిన మూడోనాటికి తల్లి పాలజ్వరం వచ్చి కూలబడి, తెల్లారేసరికి పోయింది. పశువుల డాక్టరు వచ్చి కోసి చూసి, రాయాల్సింది రాసి, చెవి బిళ్ల కనబడేటట్టు ఫొటో తీసి పంపించమని చెప్పి వెళ్లాడు. ఎండాకాలం. మాపటికి పూడ్చకపోతే కుదరదు.

సిద్ధమ్మకు కబురు చేరేసరికి పాలకేంద్రంలో ఉంది. ఆమె సంచి తీసుకుని కదిలేలోపల కేంద్రం ఫోను మోగింది. సునీల్‌కుమార్.

"సిద్ధమ్మా, రెబెకాది మొదట తీసిన ఫొటో చూస్తా ఉండాం. చెవి నంబరు అలుక్కోని పోయింది. చివరంకె మూడో ఎనిమిదో తెలీడంలా. కంపెనీవాళ్లు వేరే ఆవేమో అంటారు. ఇప్పుడు తీసే ఫొటోలో నుదుటి మచ్చ, చెవి, నంబరు మూడూ తేటగా పడాల. పడితే మాట్లాడొచ్చు. లేకపోతే ఆమెకు రూపాయి రాదు."

"అది నేను తీసిందేనా సారు?"

"ఆ ఊళ్లో ఇంకెవరు తీస్తారమ్మా?"

ఆమె ఫోను పెట్టేసి నడిచింది. దారి పొడుగునా ఒక్క సంగతే కళ్లముందు ఆడింది: కడిగి తుడుచుకున్న రెండు చేతులు, సగంలో ఆగిన తన చెయ్యి.

కాలనీ అవతల కానుగచెట్ల దగ్గర జయరావు, ఇంకో ఇద్దరు కలిసి గుంత తవ్వేశారు. చుక్కది పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కోసిన చోట గోనెపట్ట కప్పారు. రెబెకా దాని తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. ఊళ్లోంచి వచ్చిన ఆడవాళ్లు కాస్త దూరంగా, ముక్కుకు కొంగులు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో సుబ్బులమ్మ ఉంది.

సిద్ధమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. రెబెకా ఆవు చెవిని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. సిద్ధమ్మ దగ్గరికి పోయి సగం నొక్కింది. పచ్చచదరం వెలగలేదు. పసుపురంగులో ఆడుతోంది. అయినా నొక్కింది. ముక్కోణం నొక్కి పెద్దది చేసి చూస్తే, బిళ్ల మీద నంబరు లేదు, పసుపు ముద్ద ఉంది. వెనక్కి జరిగి తీసింది. బిళ్ల కందిగింజంత పడింది. పుల్ల తోసి దగ్గరికి లాక్కుని తీసింది. కెమెరా కదిలి అంతా చెదిరింది. ఆవు మొత్తానిది, మొహానిది బాగానే వచ్చాయి. నంబరు మాత్రం చిక్కడం లేదు. మూలన బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆమె తలెత్తింది.

"సుబ్బులూ, ఇట్ల రా మే. పువ్వు నొక్కిపో."

సుబ్బులమ్మ కదల్లేదు.

"రా మే, పొద్దుపోతాది."

"నేను రానక్కా. చచ్చిన గొడ్డు కాడ నా చేత పువ్వు నొక్కిస్తావా? మా కోడలికి ఇప్పుడే మూడో నెల."

"అది గుర్తే గదమే. బొమ్మ."

"ఇన్నాళ్లూ బొమ్మ అని చెప్పలేదే. ముత్తైదువ నొక్కాలంటివి."

"నేనెప్పుడు చెప్పినా?"

"నోటితో చెప్పలేదులే. ప్రతి ఇంట్లో చేసి చూపిస్తివి గదా. అంత మంచిదని మేం నొక్కుతా వస్తిమి. ఇప్పుడు ఈడొచ్చి నొక్కమంటే ఎట్లక్కా?"

మిగతా ఆడవాళ్లు నేల చూశారు. ఒకామె మెల్లగా ఇంటిదారి పట్టింది. సిద్ధమ్మకు కోపం రాలేదు. ఎవరి మీద రావాలి?

అప్పుడు రెబెకా అంది.

"అక్కా, నేను నొక్కుతా. యాడ నొక్కాలో చూపించు."

అని చెయ్యి తీసింది. ఎత్తి పట్టుకున్న చెవి మడిచినట్టు కిందికి వాలిపోయింది. బిళ్ల మట్టివైపు తిరిగింది.

"ఆ పొద్దు గుడక నొక్కుదామనే చేతులు కడుక్కోని నిలబడింటి" అంది రెబెకా. గొంతులో నిష్ఠూరం లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిన గొంతు. "నువ్వు సగం చాపి వెనక్కి తీసుకుంటివి. కాలనీవాళ్లం గదా, మా చెయ్యి తగలకూడదేమో అనుకుంటి. మా ఆయనతో గుడక చెప్పలా."

జయరావు పార పట్టుకుని అటువైపు తిరిగి నిలబడ్డాడు.

"అది కాదు మే" అంది సిద్ధమ్మ.

"మరేంది?"

జవాబు నోటిదాకా వచ్చింది. నీ తలలో పూలు లేవు కాబట్టి. ఆ మాట నాలుక మీదికి వచ్చాక సిద్ధమ్మ దాన్ని గుర్తుపట్టింది. పెళ్లిళ్ల ఇళ్లవాళ్లు తన మొహం మీద అనకుండా మింగిన మాట అదే. వియ్యపురాలు నవ్వుతూ "నీకెందుకు శ్రమ" అన్నప్పుడు దాని కింద ఉన్న మాట అదే. వాళ్లు తనను చూసినట్టే తాను రెబెకాను చూసింది. కడిగిన చేతులు చూడలేదు. తల చూసింది.

"పొద్దు పోతాంది అక్కా" అన్నాడు జయరావు.

కానుగచెట్ల నీడ చుక్కదాని తల మీదికి వస్తోంది. బ్యాటరీ గుర్తు ఇంకా ఎర్రగానే కొట్టుకుంటోంది.

"రెబెకా, నువ్వు చెవి వదలొద్దు. రెండు చేతులా ఎత్తి పట్టుకో. కాస్త వెలుగులోకి తిప్పు." సిద్ధమ్మ కెమెరాను సరిగా పట్టుకుంది. "నేను చేయాల్సిన పని ఇది."

బొటనవేలు పువ్వు బొమ్మ మీద పెట్టింది. అది విచ్చని మల్లెమొగ్గంత కూడా లేదు. నొక్కింది. తెర మూలన పువ్వు పడింది. ఆమె చేత్తో పువ్వు పడి ఎన్నేళ్లైందో ఆ ఊళ్లో చాలామందికి తెలుసు. 

మెరుపు వస్తే బిళ్ల తెల్లగా కాలిపోతుందని ఆమెకు తెలుసు. మెరుపు మీద నొక్కింది, అడ్డగీత పడేదాకా. నుదుటి మచ్చ, చెవి, బిళ్ల మూడూ తెరలోకి వచ్చేటట్టు జరిగింది. మోచేతులు మోకాళ్లకు ఆనించింది. ఊపిరి ఆపి సగం నొక్కింది. చదరం పసుపుగా ఆడింది, ఆడింది, పచ్చగా నిలిచింది. వేలు ఆ సగం బిగువులోనే ఉంది. మిగతా సగం నొక్కింది.

తెర మీద ఫొటో ఒక్క క్షణం కనబడింది. ఆ వెంటనే ముందరి గాజుకన్ను లోపలికి పోయింది. కెమెరా ఆరిపోయింది.

"పడిందా అక్కా?" అంది రెబెకా.

"తెలీదు మే."

చీకటి పడకముందే చుక్కదాన్ని పూడ్చారు. నంబరు పడిందో లేదో తెలియకుండానే పూడ్చారు. సిద్ధమ్మ చివరిదాకా నిలబడి, అందరితోపాటు తానూ గుప్పెడు మట్టి వేసి పోయింది. పూడ్చినచోట రెబెకా ఏదో ప్రార్థన చెప్పుకుంది. సిద్ధమ్మకు ఆ మాటలు అర్థం కాలేదు, అయినా అయిపోయేదాకా కదల్లేదు.

పొద్దున్నే మొదటి బస్సుకు ఇద్దరూ పూతలపట్టు మండలం ఆఫీసుకు పోయారు. బస్సులో రెబెకా కిటికీ పక్కన కూర్చుంది.  సునీల్‌కుమార్ కెమెరాలోంచి గోరంత కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాడు. మసకవి, చెదిరినవి ఒకటొకటే వచ్చాయి. ఆఖరిది వచ్చింది.

చెవి లోపలి వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది. నుదుటి మచ్చ ఉంది. బిళ్ల మీద మట్టి గీత ఒకటి ఉంది. నంబరులో చివరంకె ఎనిమిది, బీమా కాగితంలో రాసినట్టే. చెవిని పట్టుకున్న రెబెకా వేళ్లు కూడా పడ్డాయి. గాజుల్లేని చేతులు.

రెబెకా పమిట నోటికడ్డం పెట్టుకుంది. సునీల్‌కుమార్ "చాలమ్మా, ఇది చాలు" అన్నాడు.

"ఆ పొద్దుది చూపించు సారు, మొదట తీసింది" అంది సిద్ధమ్మ.

రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో చుక్కది బతికి నిలబడి ఉంది, నంబరు లేదు. ఇంకొకదాంట్లో చచ్చి పడి ఉంది, నంబరు ఉంది. ఆమె రెండింటినీ చాలాసేపు చూసింది.

"పాతది ఇంకేం పనికిరాదు, తీసేద్దునా?" అన్నాడు సారు. తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఉంది.

"ఉండనీ సారు. నేను తీసిందే గదా" అంది సిద్ధమ్మ.

కంపెనీవాళ్లు వచ్చి అడగాల్సినవన్నీ అడిగారు. సిద్ధమ్మ సంఘం తరఫున నిలబడి జవాబు చెప్పింది. మామిడికాయలు దించేవేళకు రెబెకాకు బీమా వచ్చింది.

ఈలోగా ఊళ్లో మాట పడింది. సిద్ధమ్మ తన చేత్తో పువ్వు నొక్కిందంట. చచ్చిన ఆవు దగ్గర కాబట్టి నొక్కింది, దానికేం తప్పులేదని కొందరన్నారు. బతికిన ఆవుకు ఎట్లా నొక్కుతుందో చూద్దామని కొందరన్నారు. ఆ చూద్దామన్నది పెంచలయ్య ఇంట్లో తేలింది. కొత్తావుకు బిళ్ల కుట్టించారు. పెంచలయ్య పెళ్లాం చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది. సిద్ధమ్మ వంగి, తానే నొక్కుకుని, చెవి ఫొటో తీసేసింది. ఆవిడ చాపిన వేలు అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"ఏమక్కా, నన్ను నొక్కమనలేదే?"

"దగ్గరిది తేటగా పడేదానికి ఆ గుర్తు మే. అంతే. ఎవరు నొక్కినా పడతాది."

"అట్లయితే ఇన్నాళ్లూ మా చేత ఎందుకు నొక్కిస్తివి?"

"నాకు ధైర్యం లేక" అంది సిద్ధమ్మ. సంచి సర్దుకుని పక్కింటికి పోయింది.

పెంచలయ్య తల్లి ఆ సాయంత్రం ఆవుకు దిష్టి తీసింది. ఆ సంగతి సిద్ధమ్మకు తెలిసింది. తెలిసినా రెండోసారి పిలిచినప్పుడు పోయింది, మళ్లీ తానే నొక్కింది. సుబ్బులమ్మ మాత్రం తన ఆవు వంతు వచ్చినప్పుడు చేతులు కడుక్కోకుండా, పేడ చేతులతోనే దూరంగా నిలబడి, "కానీ అక్కా" అంది. అది ఆమె క్షమాపణ అని సిద్ధమ్మకు అర్థమైంది.

రెబెకా కొత్తావును తెచ్చుకుంది. ఇది ఎర్రది, మచ్చ లేదు. చుక్కదాని దూడ దాని పక్కనే కట్టేసి ఉంది. సిద్ధమ్మ నిలువు ఫొటో, మొహం, పక్క తీసింది. చెవి దగ్గరికి వచ్చి ఆగింది. రెబెకా ఆవు మెడ పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి చేతులు కడుక్కోలేదు.

సిద్ధమ్మ కెమెరాను ముందుకు చాపింది. పూర్తిగా చాపింది.

"మే, ఇందా. పువ్వు నొక్కు."

రెబెకా ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వే నొక్కుకుంటావంట గదా ఇప్పుడు. అందరూ చెప్తా ఉండారు."

"ఊళ్లో నేనే నొక్కుతా. ఈడ ఒక్కసారి నువ్వు నొక్కాల."

"నా చెయ్యి మట్టిగా ఉండాది."

"ఉండనీ."

రెబెకా ఆవు మెడ మీంచి చెయ్యి తీసి, వేలు చాపి, ఎక్కడని చూసుకుని, నొక్కింది. కెమెరా మీద మట్టివేలి గుర్తు పడింది. తెర మూలన పువ్వు పడింది. సిద్ధమ్మ కెమెరాను తనవైపు తిప్పుకుని, ఆ మట్టిని తుడవకుండానే, వంగి సగం నొక్కి ఆగింది.